ఎవరికి తెలియని రహస్యం?

కుల గణన మీద మొదలుపెట్టిన దాన్ని ఈ వారం కొనసాగిస్తానని చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. మొన్న నెల్లూరులో హాస్టల్ పిల్లలతో కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు వేసిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ముందురోజు రాత్రి వాళ్ళంతా ఒకే ఫోన్ చుట్టూ చేరి ఏదో ఇంగ్లీషు సినిమా డబ్బింగ్ చూశారంట. సైన్యం రహస్యంగా ఒక ఆయుధాన్ని పరీక్షిస్తుంది, అది బెడిసికొడుతుంది, ఊరికి ఊరే పోతుంది, బయట ఎవరికీ తెలియదు. "అన్నా, ఇట్టాంటియ్యి నిజంగా జరిగే పనేనా, లేక వొట్టి కతలేనా?" అని అడిగాడు. అక్కడ పది నిమిషాలు చెప్పాను. సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఈ సినిమాలన్నిటికీ ఒకటే అచ్చు. ఎక్కడో మనుషులు లేని ఎడారో దీవో ఉంటుంది. దాని మధ్యలో కంచె, కంచె లోపల ల్యాబు. ఒక పిచ్చి సైంటిస్టు, ఒక కరుకు జనరల్. పరీక్ష తప్పుతుంది. వైరస్సో రాక్షస జంతువో బయటపడుతుంది. చివర్లో హీరో ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీ వాళ్ళకిస్తాడు, లోకానికి నిజం తెలుస్తుంది. ఇందులో ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ఆయుధ పరీక్షలు విఫలమవుతాయా? అవుతాయి. దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మా అల్లూరుకు దక్షిణంగా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో శ్రీహరికోట ఉంది. 2022లో జిల్లాలు విడదీసేదాకా అది మా నెల్లూరు జిల్లానే. షార్ ఇస్రో ఉపగ్రహాలు పంపే చోటు, ఆయుధాల కేంద్రం కాదు. కానీ 1983లో దేశం క్షిపణుల కార్యక్రమం మొదలుపెట్టిన తొలి రోజుల్లో త్రిశూల్‌ను 1985 సెప్టెంబర్ 16న, పృథ్విని 1988 ఫిబ్రవరి 25న మొదటిసారి ప్రయోగించింది ఇక్కణ్ణుంచే. పృథ్వి సైన్యంలో చేరింది. త్రిశూల్ ఏళ్ళ తరబడి పరీక్షలు జరుపుకుని కూడా నిలబడలేకపోయింది. 2008 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టును అధికారికంగా మూసేశారు. అంటే మా తీరం మీద పుట్టిన ఒక ఆయుధం విఫలమైంది. దాంట్లోంచి ఏ రాక్షసుడూ లేవలేదు. ఒక ఫైలు మూతపడింది, అంతే.

2006 జులై 9న ఒడిశా తీరం నుంచి అగ్ని-3ని మొదటిసారి పరీక్షించారు. అది బంగాళాఖాతంలో పడింది. సరిగ్గా మర్నాడు, జులై 10న, శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్ఎల్వీ దారి తప్పి అదే బంగాళాఖాతంలో పడింది. ఒకటి ఆయుధం, ఒకటి ఉపగ్రహ వాహకం. రెండూ పేపర్లలో మొదటి పేజీలోనే వచ్చాయి. ఆకాశంలో పొగ గీసుకుంటూ పోయే వస్తువు విఫలమైతే దాచడం కష్టం.

2010 క్రిస్మస్ రోజు మా పల్లెలో చర్చి అయిపోయి, భోజనాలు అయిపోయి, అందరం టీవీ ముందు కూర్చున్నాం. సాయంత్రం నాలుగు దాటాక శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ లేచింది. నిమిషం కూడా తిరక్కుండానే గాల్లో ముక్కలైపోయింది. దేశమంతా లైవ్‌లో చూసింది. పిల్లలు అయ్యో అన్నారు. మా పెద్దమ్మ మాత్రం, "పైకి పొయ్యేది టీవీలో చూపిస్తారు గానీ, కిందికి పడేది ఎవురి నెత్తిన పడద్దో చెప్పరే" అనింది. ఆ ముక్కలు సముద్రంలోనే పడ్డాయి, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆమె అడిగిన ప్రశ్న ఆ రోజు టీవీలో ఎవరూ అడగలేదు.

విఫలమైన పరీక్ష అంటే సినిమాలో ఎప్పుడూ ఎక్కువైపోవడమే చూపిస్తారు. నిజంలో చాలాసార్లు తక్కువ కావడం. 1998 మే 11న పోఖ్రాన్‌లో జరిపిన పరీక్షల్లో హైడ్రోజన్ బాంబు కూడా ఒకటి, దాని శక్తి 45 కిలోటన్నులని ప్రభుత్వం ప్రకటించింది. 2009లో కె. సంతానం, అంటే ఆ పరీక్షల్లో డీఆర్‌డీఓ తరఫున ముఖ్యపాత్ర వహించిన శాస్త్రవేత్త, ఆ బాంబు అనుకున్నంతగా పేలలేదని బహిరంగంగా అన్నాడు. కలాం, చిదంబరం కాదన్నారు. వాళ్ళలో ఎవరిది నిజమో తేల్చే కొలతలు జనం చేతిలో లేవు. రహస్య ఆయుధ పరీక్ష విఫలమైందా అనే వివాదం మన దేశంలోనే ఉంది, అందులో హీరో లేడు, విలన్ లేడు, ఒక అంకె గురించిన తగాదా ఉంది.

రెండోది, ఎక్కువైపోయి మనుషుల మీద పడిన సందర్భాలు లేవా? ఉన్నాయి. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబు పేల్చింది. దాని పేరు కాసిల్ బ్రావో. 6 మెగాటన్నులు ఉంటుందని లెక్కేశారు, 15 వచ్చింది. అందులో వాడిన లిథియంలో ఒక రకం పెద్దగా పనిచేయదనుకున్నారు, అది కూడా పనిచేసింది. లెక్క తప్పింది. ప్రమాద ప్రాంతమని ప్రకటించిన గీతకు బయట జపాన్ చేపల పడవ ఒకటి ఉంది. అందులో 23 మంది. పగడపు దిబ్బ పొడి అయి తెల్లటి బూడిదగా వాళ్ళ మీద గంటల తరబడి రాలింది. వాళ్ళు దాన్ని చేతులతో ఊడ్చి వలలు లాక్కున్నారు. ఒళ్ళు కాలి, వాంతులతో వాళ్ళు జపాన్‌లోని యైజు రేవుకు తిరిగొచ్చాకే లోకానికి సంగతి తెలిసింది. ఆ పడవలో రేడియో ఆపరేటర్‌గా పనిచేసిన కుబోయామా ఆ సెప్టెంబర్‌లో చనిపోయాడు. ఆ నవంబర్‌లోనే జపాన్‌లో గాడ్జిల్లా సినిమా వచ్చింది. సముద్రంలో ఒక వెలుగు, ఒక ఓడ కాలిపోవడం. సినిమా అక్కడే మొదలవుతుంది. రాక్షస జంతువు కల్పన, ఆ ఓడ కాదు.

మా ఇసకపల్లి పట్టపోళ్ళ కుర్రాడికి ఈ సంగతి చెబితే వాడు మొదట అడిగింది బాంబు గురించి కాదు. "గీత బయటున్నారు గదన్నా, అయినా పడిందా?" అన్నాడు. షార్ ప్రయోగం ఉన్నప్పుడల్లా ఆ తీరంలో వేటకు పోవద్దని గీత గీస్తారు. సముద్రం మీద బతికేవాడికి గీత అంటే ఏంటో తెలుసు.

ఇక మూడోది, అసలు విషయం. ఇంత పెద్ద సంగతిని దాచగలరా? అందరూ ఈ ప్రశ్నే అడుగుతారు. నేను వేరేలా అడగమంటా. ఎవరి నుంచి దాచగలరు?

1998లో పోఖ్రాన్ పరీక్షల్ని అమెరికా ఉపగ్రహాలు కనిపెట్టలేకపోయాయని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. దాని మీద సినిమా కూడా వచ్చింది. కానీ పక్కనే ఉన్న ఖేతోలాయి ఊరి జనాన్ని ఆ రోజు ఇళ్ళలోంచి బయటికి రమ్మన్నారు. భూమి కదిలింది, గోడలు పగిలాయి. వాషింగ్టన్‌కు తెలియని రహస్యం ఖేతోలాయి ముసలమ్మ కాళ్ళ కింద ఉంది. ఒడిశాలో చాందీపూర్ నుంచి క్షిపణి పరీక్ష చేసేముందు చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని ఆ పూటకు తరలించి, ఆ రోజు కూలి లెక్కన పరిహారం ఇస్తారు. ఎప్పుడు ఏది లేస్తుందో ఆ ఊళ్ళ పిల్లలకు కూడా ఒక అంచనా ఉంటుంది. రహస్యం అంటే ఎవరికీ తెలియనిది కాదు. తెలిసినవాళ్ళ మాటకు విలువ లేనిది.

ఇప్పుడు సినిమాల్లోని ఆ "మనుషులు లేని చోటు" సంగతికి రండి. బికినీ దీవిలో 1946 దాకా 167 మంది ఉండేవాళ్ళు. మానవజాతి మేలు కోసం కొన్నాళ్ళు ఖాళీ చేయమన్నారు. వాళ్ళ పిల్లల పిల్లలు ఇంకా వేరే దీవుల్లోనే ఉన్నారు. సోవియట్ యూనియన్ అణు పరీక్షలు కజాఖ్ పశువుల కాపరుల మైదానాల్లో జరిగాయి. బ్రిటన్ పరీక్షలు ఆస్ట్రేలియా ఆదివాసుల ఎడారిలో జరిగాయి. ప్రతిచోటా మ్యాపు మీద "ఖాళీ" అని రాసి ఉంది, ప్రతిచోటా పొయ్యిలో నిప్పుంది.

శ్రీహరికోట కూడా అంతే. 1969లో దాన్ని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. తూర్పున సముద్రం, పడమర పులికాట్, అనువైన చోటు. కానీ ఆ దీవి అడవిలో తరతరాలుగా యానాదులున్నారు. దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని, చేపలు పట్టుకుని బతికారు. కేంద్రం వచ్చాక కొందరు బయటికి వెళ్ళారు, కొందరు అదే నేల మీద కూలీలుగా మిగిలారు. 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ లేచిన సంగతి మన పుస్తకాల్లో ఉంది. ఎన్ని యానాది కుటుంబాల పొయ్యిలు అక్కణ్ణుంచి లేచాయో మన పుస్తకాల్లో లేదు. రాకెట్ వద్దని నేను అనడం లేదు. చంద్రయాన్ లేచినప్పుడు నేను కూడా మేడెక్కి దక్షిణం వైపు చూశాను. ఆ నేలను ఖాళీ అన్న మాటతోనే నాకు పేచీ.

ఈ ఖాళీ అనే మాట మనకు కొత్తది కాదు. మా అల్లూరు చుట్టూ వరి మళ్ళు, సముద్రం వైపు పోతే రొయ్యల గుంటలు. గుంటల ఉప్పునీళ్ళు వదలాలంటే కాలువ ఎటు తిరుగుతుందో చూడండి. చెత్త పోయాలన్నా, ఇటుక బట్టీ పెట్టాలన్నా, చచ్చిన గొడ్డును పడేయాలన్నా ఎటు చూపిస్తారో చూడండి. "ఆడేముందిలే, ఖాళీనేగదా" అంటారు. ఆ ఖాళీలో మా పల్లె ఉంది. ఊళ్ళో ప్రమాదాన్ని ఎక్కడ పెట్టాలో కులం చెబుతుంది, దేశంలో ఎక్కడ పెట్టాలో ప్రభుత్వం చెబుతుంది. రెండిటి మ్యాపులూ ఒకేలా ఉంటాయి.

"మరి అంత జరిగితే బయటికి రాకుండా ఉంటుందా అన్నా" అంటారు. ఒక లెక్క చెబుతా. త్రిశూల్ మొదటి పరీక్షకు రెండు నెలల ముందు, 1985 జులై 17న, ఇదే తీరం మీద మనకు ఉత్తరాన కారంచేడు మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. చీకట్లో కాదు, కంచె లోపల కాదు. అందరూ చూస్తుండగా. ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది, త్రిశూల్‌ను మూసేసిన ఏడాదే. వెలుతుర్లో జరిగిన దాన్ని జరిగిందని ఒప్పించడానికి మనకు 23 ఏళ్ళు పట్టింది. అలాంటి దేశంలో కంచె లోపల జరిగిన దాన్ని దాచడానికి పెద్ద కుట్ర అక్కర్లేదు. మన మాట వినకపోతే చాలు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున లేచి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. రెండు రోజుల్లో మన ప్రభుత్వం ఒప్పుకుంది, ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించారు. అంత తొందరగా ఎందుకు బయటికొచ్చింది? అవతలి వైపు కూడా ఒక ప్రభుత్వం ఉంది, దాని చేతిలో మైకు ఉంది. అదే మన పొలంలోనే పడుంటే ఎన్ని రోజులకు ఒప్పుకునేవాళ్ళో మీరే ఆలోచించండి.

అయితే మిత్రులారా, ఇక్కడే ఒక జాగ్రత్త. ప్రభుత్వాలు దాస్తాయి కాబట్టి విన్న ప్రతి రహస్యమూ నిజమైపోదు. 2008లో వచ్చిన కమల్ హాసన్ దశావతారం మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అమెరికా ల్యాబులో చేసిన వైరస్ ఆయుధం, చివరికి ఉప్పునీళ్ళతో అణగడం, 2004 సునామీ వచ్చి కడిగేయడం. శాస్త్రంగా చూస్తే ఉప్పుతో అణిగే ఆయుధం సినిమా సౌకర్యమే. ఆ సినిమాలో నాకు నిజమనిపించింది వేరే. ఇసుక దోపిడీకి అడ్డం నిలబడే దళిత నాయకుడు విన్సెంట్ పూవరాగన్. తన శత్రువు పిల్లల్ని కాపాడబోయి సునామీలో పోతాడు. వైరస్ కథ కోసం టికెట్ కొన్న జనానికి ఆ ఇసుక కథ గుర్తే లేదు.

సునామీ అప్పుడు బయట కూడా అదే జరిగింది. అది రహస్య అణు పరీక్ష వల్ల వచ్చిందని కొన్ని దేశాల్లో రాశారు, మన టీ కొట్ల దాకా ఆ మాట వచ్చింది. అది అబద్ధం. సుమత్రా దగ్గర సముద్రం అడుగున 1,200 కిలోమీటర్లకు పైగా పొడవున భూమి చీలింది. ఏ బాంబూ అంత పొడవున భూమిని చీల్చలేదు. పైగా పేలుడు తరంగాలు, భూకంప తరంగాలు కొలిచే యంత్రాల్లో వేరువేరుగా కనిపిస్తాయి. పేలుడు అన్ని వైపులా ఒక్కసారే నెడుతుంది, భూకంపం ఒక వైపు నెట్టి ఒక వైపు లాగుతుంది. ప్రపంచమంతా ఉన్న యంత్రాలు దాన్ని భూకంపమనే రాసుకున్నాయి.

టీ కొట్టు దగ్గర ఆ వాదన నడుస్తున్న రోజుల్లోనే మా వైపు సాయం జాబితాలు తయారయ్యాయి. పడవ పోయినవాడి పేరు ఎక్కింది, ఎక్కాల్సిందే. ఆ పడవ తెచ్చిన చేపల్ని మోసి, ఎండబెట్టి, తల మీద పెట్టుకుని ఊళ్ళల్లో అమ్మిన మా ఆడోళ్ళ పేర్లు ఎక్కలేదు. "మీది ఏం పోయింది?" అని అడిగారు. పని పోయింది. దానికి జాబితాలో గడి లేదు. అణు బాంబు గురించి మాట్లాడిన నోళ్ళలో సగం ఆ గడి గురించి మాట్లాడుంటే బాగుండేది. పుకారు మన కోపాన్ని తాగేస్తుంది, మన కాగితాన్ని ఖాళీగా వదిలేస్తుంది.

మరి నిజం ఎలా బయటికొస్తుంది? పెన్‌డ్రైవ్ హీరో వల్ల వచ్చింది తక్కువ. 1979 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్డ్లోవ్‌స్క్ నగరంలో ఒక సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ పొడి గాల్లోకి లీకైంది. కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిని పోయారని ప్రభుత్వం చెప్పింది. ఆసుపత్రి రికార్డులు తీసుకుపోయారు. కానీ అక్కడి ఇద్దరు డాక్టర్లు చనిపోయినవాళ్ళ శరీర భాగాల నమూనాలను దాచిపెట్టారు. 1992లో అధ్యక్షుడు యెల్ట్సిన్ అది సైన్యం పనేనని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మెసెల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం వెళ్ళింది. వాళ్ళు చేసిన పని మనం కూడా చేయగలిగిందే. శ్మశానంలో సమాధుల మీద తేదీలు రాసుకున్నారు. ఇంటింటికీ పోయి, "ఆ వారం మీ ఆయన పగలు ఎక్కడున్నాడు?" అని అడిగారు. ఒక్కొక్కరినీ మ్యాపు మీద చుక్క పెట్టారు. చుక్కలన్నీ ఆ సైనిక కేంద్రం నుంచి దక్షిణంగా సన్నటి పట్టీలా వచ్చాయి, మధ్యలో ఒక పింగాణీ ఫ్యాక్టరీ, దానిలో కూలీలు. ఇంకా దూరాన అదే వరసలో ఉన్న పల్లెల్లో గొర్రెలు చచ్చాయి. ఏప్రిల్ 2న గాలి వీచిన దిక్కు అదే. మాంసం తిని చచ్చేవాళ్ళు గాలి దిక్కులో వరసగా చావరు.

భార్యల జ్ఞాపకం, సమాధి మీద తేదీ, గాలి దిక్కు. ఒక పెద్ద రాజ్యం దాచిన రహస్యాన్ని విప్పింది ఇవే.

ముందే గెలిచినవాళ్ళు కూడా ఉన్నారు. 1980లలో ఒడిశాలోని బలియాపాల్ ప్రాంతంలో జాతీయ పరీక్షా కేంద్రం పెడతామంటే అక్కడి రైతులు, జాలర్లు, తమలపాకు తోటల కూలీలు ఊరి దారులకు అడ్డం కూర్చున్నారు. అధికారుల జీపు కనిపిస్తే శంఖాలు ఊది, పళ్ళాలు మోగించి జనాన్ని పోగేశారు. ఏళ్ళ తరబడి నిలబడ్డారు. ఆ కేంద్రం అక్కడ రాలేదు. "ఇది ఖాళీ కాదు, మేమున్నాం" అని చెప్పడమే వాళ్ళు చేసిన పని.

ఇప్పుడు మన రాష్ట్రంలో కృష్ణా జిల్లా నాగాయలంక వైపు కొత్త క్షిపణి పరీక్షా కేంద్రం వస్తోంది. 2024లో కేంద్ర భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ దానికి ఆమోదం తెలిపిందని వార్తలొచ్చాయి. దాని మీద మీ అభిప్రాయం ఏదైనా కావొచ్చు. దేశానికి రక్షణ కావాలనే వాదన నాకు అర్థమవుతుంది. కానీ అక్కడి మడ అడవుల పక్కన, పాయల్లో వేటాడే యానాదులు, మత్స్యకారులు, ఒడ్డున కూలికి పోయే దళితులు ఎంతమందో, ఏ రోజుల్లో వాళ్ళ వేట ఆగుతుందో, ఆగిన రోజు కూలి ఎవరిస్తారో ముందే కాగితం మీదికి రావాలి. జాబితాలో ఈసారి ఆ గడి ఉండాలి.

అందుకే హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెబుతున్నా. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీ పల్లెలో, పక్క యానాది సంఘంలో ఎన్ని ఇళ్ళున్నాయో, ఎవరు ఏ పని చేస్తారో, ఏ బావి నీళ్ళు తాగుతారో, ఏ నెల్లో గాలి ఎటు వీస్తుందో రాయండి. తేదీ వేయండి. చెప్పినవాళ్ళ పేరు, వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. రాసింది ఒక కాపీ మీ దగ్గర, ఒక కాపీ ఊళ్ళో ఉంచండి. రేపు ఎవరైనా వచ్చి మ్యాపు పరిచి "ఇక్కడ ఎవరూ లేరు" అంటే, దాని పక్కన మీ పుస్తకం పరచండి.

వచ్చే వారం కుల గణన. అది కూడా గడుల సంగతే.

జై భీమ్.